తెగులు సోకిన మొక్కను ఎరువు గుంటలో వేయవచ్చా?

పెరట్లో నాలుగు మడులు, మిద్దె మీద పది కుండీలు, ప్రహరీ గోడ పక్కన ఒక కాకర పందిరి. ఈ మాత్రం పచ్చదనాన్ని పెంచుకుంటున్న కుటుంబాలు మన బస్తీలలోనూ, గ్రామాలలోనూ చాలానే ఉన్నాయి. పుదీనా, కొత్తిమీర కోసం బజారుకు పరుగెత్తే పని తప్పుతుంది. పిల్లలకు మట్టితో పరిచయం కలుగుతుంది. ఏ మందు చల్లారో తెలియని కూరకు బదులు మన చేతులతో పెంచిన కూర పళ్ళెంలోకి వస్తుంది. వంటింటి తొక్కలను, రాలిన ఆకులను గుంటలోనో, డ్రమ్ములోనో కుళ్ళబెట్టి ఎరువుగా మార్చుకునే మంచి అలవాటు కూడా దీనితోపాటే వచ్చింది.

అయితే ప్రతి తోటలోనూ ఏదో ఒక రోజు ఒక ప్రశ్న ఎదురవుతుంది. నిన్నటి వరకు నిగనిగలాడిన టమాటా మొక్క ఈ రోజు వాడి తల వాల్చేస్తుంది. బెండ ఆకుల ఈనెలు పసుపు రంగుకు తిరుగుతాయి. దోస తీగపై పిండి చల్లినట్లు తెల్లని పొర కమ్ముకుంటుంది. పీకివేసిన ఆ మొక్కను ఏం చేయాలి? ఎరువు గుంటలో వేయాలా, బయట పారవేయాలా?

మన ఇళ్ళలో దీనికి రెండు సమాధానాలు వినిపిస్తాయి. "అల్లాహ్ పుట్టించిన ఆకును వృధాగా ఎందుకు పారేయాలి? కుళ్ళితే అన్నీ మట్టే కదా!" అని కొందరు సమస్తాన్నీ గుంటలోకే నెడతారు. "రోగమున్నది ఏదైనా గుంట దరిదాపులకు రాకూడదు" అని మరికొందరు ఒక్క మచ్చ కనబడిన ఆకును సైతం సంచిలో కట్టి వీధిలోకి పంపేస్తారు. ఇద్దరి మాటలోనూ ధర్మచింతన ఉంది. మొదటివారు వృధాకు భయపడుతున్నారు. రెండవవారు హానికి భయపడుతున్నారు. ఇస్లాం ఈ రెండింటినీ వారించింది. కనుక ఏ మొక్క విషయంలో ఏ భయం నిజమైనదో తెలుసుకోవడమే మన ముందున్న పని.

వృధా చేయకూడదు

దివ్య ఖుర్ఆన్ అన్ఆమ్ సూరా 141వ ఆయతులో అల్లాహ్ తోటల ప్రస్తావన తెచ్చాడు. పందిళ్ళపై పాకేవి, పాకనివి, ఖర్జూరాలు, రకరకాల రుచులుగల పంటలు, జైతూను, దానిమ్మ - వీటన్నింటినీ గుర్తుచేసి, పండినప్పుడు తినమని, కోతనాడు వాటి హక్కును చెల్లించమని ఆదేశించి, ఆ వెంటనే దుబారా చేయవద్దని హెచ్చరించాడు. తోటను గురించి చెబుతున్న చోటే దుబారా నిషేధం రావడం గమనించదగిన విషయం. తోట యజమాని కోసిన కాయకే కాదు, మిగిలిన ఆకుకు కూడా జవాబుదారుడే.

దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) చేజారి కింద పడిన ముద్దను కూడా శుభ్రం చేసుకుని తినమని బోధించారు. ఒక ముస్లిం నాటిన మొక్క నుంచి మనిషి గానీ, పక్షి గానీ, పశువు గానీ తింటే అది అతని ఖాతాలో సదఖాగా నమోదవుతుందని శుభవార్త వినిపించారు. ఇటువంటి బోధనల నీడలో పెరిగిన మన పూర్వీకులు నేలకు తిరిగి ఇవ్వడాన్ని ఒక విద్యగా తీర్చిదిద్దారు. అందలూసియాలో 11వ శతాబ్దంలో తులైతులా నగరంలో ఇబ్ను బస్సాల్, 12వ శతాబ్దంలో ఇష్బీలియాలో ఇబ్నుల్ అవ్వామ్ రచించిన వ్యవసాయ గ్రంథాలలో ఏ పేడ ఏ నేలకు తగును, దానిని ఎలా మాగబెట్టాలి అనే చర్చలు విస్తారంగా ఉన్నాయి. ఇబ్నుల్ అవ్వామ్ గ్రంథమైన 'కితాబుల్ ఫిలాహా'ను 1802లో మాడ్రిడ్‌లో స్పానిష్ భాషలోకి అనువదించి ప్రచురించారు.

కాబట్టి మొక్కకు ఏదో ఒక మచ్చ ఉందన్న కారణంతో తోటలోని సారాన్నంతా వీధిపాలు చేయడం సరైన పద్ధతి కాదు. చాలా తెగుళ్ళు ఎరువు గుంటలో బతకలేవు. ఆ వివరాలలోకి వెళ్ళే ముందు రెండవ పక్షం మాటను కూడా వినాలి.

హాని తలపెట్టకూడదు

"రోగం తనంతట తాను అంటుకోదని హదీసులో ఉంది కదా, ఇక ఈ జాగ్రత్తలు ఎందుకు?" అని అడిగేవారు ఉన్నారు. అజ్ఞాన కాలపు ప్రజలు రోగానికే స్వతంత్ర శక్తి ఉందని నమ్మేవారు. ఆ నమ్మకాన్ని ప్రవక్త (స) ఖండించారు. ఏదీ అల్లాహ్ ఆజ్ఞ లేకుండా ప్రభావం చూపదు. కానీ ఆ మహనీయులే రోగమున్న ఒంటెలను ఆరోగ్యంగా ఉన్న ఒంటెల మందలోకి తోలవద్దని కూడా ఆదేశించారు. మహమ్మారి వ్యాపించిన ప్రాంతంలోకి ప్రవేశించవద్దని, అందులో ఉన్నవారు పారిపోయి బయటికి రావద్దని చెప్పారు. విశ్వాసం హృదయానికి సంబంధించినది. జాగ్రత్త చేతులకు సంబంధించినది. రెండింటి మధ్య వైరుధ్యం లేదు.

హజ్రత్ ఉమర్ (రజి) షామ్ దేశానికి ప్రయాణమై సర్గ్ అనే చోటికి చేరినప్పుడు, అక్కడ మహమ్మారి వ్యాపించిందని హజ్రత్ అబూ ఉబైదా (రజి), ఇతర సేనానులు వచ్చి తెలియజేశారు. ముహాజిర్లతో, అన్సార్లతో, ఖురైషు పెద్దలతో సంప్రదించిన పిదప హజ్రత్ ఉమర్ (రజి) వెనుదిరగాలని నిశ్చయించారు. ఇది విధివ్రాత నుంచి పారిపోవడం కాదా అని అబూ ఉబైదా (రజి) ప్రశ్నించారు. ఉమర్ (రజి) ఇచ్చిన సమాధానపు సారాంశం ఇది: మనం అల్లాహ్ నిర్ణయించిన ఒక విధి నుంచి ఆయనే నిర్ణయించిన మరొక విధి వైపుకు వెళుతున్నాము. ఒక లోయలో ఒక వైపు పచ్చిక, మరో వైపు బీడు ఉంటే ఒంటెలను ఏ వైపు మేపినా అది దైవనిర్ణయమే కదా అని ఆయన ఉదాహరణ కూడా ఇచ్చారు. ఆ తరువాత హజ్రత్ అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి) వచ్చి మహమ్మారిని గురించిన ప్రవక్త (స) బోధనను వినిపించగా ఉమర్ (రజి) అల్లాహ్‌ను స్తుతించారు. పచ్చిక ఉన్న వైపును ఎంచుకునే తెలివి కూడా అల్లాహ్ ప్రసాదమే.

మన పెరటికి ఈ నియమం అక్షరాలా వర్తిస్తుంది. తెగులు మొక్క ఒక్కటే. దానితో చేసిన ఎరువును తోటంతా చల్లుతాము. గుంటలో ఆ తెగులు చావకపోతే, ఒక మూలనున్న రోగాన్ని మన చేతులతోనే ప్రతి మడికీ పంచిపెట్టినట్లవుతుంది.

వస్తువు నిజంగా మారిందా?

ఇక్కడ మన ఫిఖ్‌హ్‌లోని ఒక అంశం ఆలోచనకు దారి చూపుతుంది. దానిని 'ఇస్తిహాలా' అంటారు. అంటే ఒక వస్తువు తన స్వభావాన్ని పూర్తిగా కోల్పోయి వేరొక వస్తువుగా మారడం. మద్యం సిర్కాగా మారితే దాని ఆదేశం మారుతుందనే విషయం అందరికీ తెలిసినదే. అశుద్ధమైన పేడ కాలి బూడిదైతే ఆ బూడిద అశుద్ధం కాదని హనఫీ ఫిఖ్‌హ్‌లో ఇమామ్ ముహమ్మద్ (రహ్) అభిప్రాయం. ఫత్వా కూడా దానిపైనే ఉంది. ఈ చర్చలో ఒక షరతు కీలకమైనది. మార్పు సంపూర్ణంగా ఉండాలి. పేరు మారితే చాలదు, రంగు మారితే చాలదు, వస్తువే మారాలి.

మొక్క తెగులుకు, మతపరమైన అశుద్ధానికి సంబంధం లేదు. తెగులు సోకిన ఆకును తాకితే వుజూ పోదు, బట్టలు అపవిత్రం కావు. నేను ఈ ఉదాహరణను కేవలం ఆలోచనా విధానం కోసం తెచ్చాను. ఎరువు గుంటలో అడగవలసిన ప్రశ్న కూడా ఇదే: ఆకు కుళ్ళి నల్లబడింది సరే, అందులోని తెగులు నశించిందా? ఆకు మట్టిగా మారి, తెగులు మాత్రం తెగులుగానే మిగిలితే మార్పు పూర్తి కాలేదు. దానికి ఎరువు అనే పేరు పెట్టినంత మాత్రాన అది హాని చేయకుండా ఉండదు.

ఈ ప్రశ్నకు సమాధానం రెండు విషయాలను బట్టి ఉంటుంది. మొదటిది గుంటలో పుట్టే వేడి. రెండవది తెగులు స్వభావం.

గుంటలో జరిగేది ఏమిటి?

పచ్చి ఆకులు, ఎండు ఆకులు, పేడ, తగినంత తేమ, గాలి - ఇవన్నీ ఒకచోట కుప్పగా చేరినప్పుడు కంటికి కనిపించని కోట్లాది సూక్ష్మజీవులు వాటిని తినడం మొదలుపెడతాయి. ఆ పనిలోనే వేడి పుడుతుంది. సరిగా పేర్చిన కుప్ప రెండు నుంచి నాలుగు రోజుల్లోనే 55 నుంచి 65 డిగ్రీల సెల్సియస్‌కు చేరుతుంది. ఆ వేడి రెండు మూడు వారాల పాటు కుప్పలోని ప్రతి భాగానికీ అందితే, మొక్కలకు తెగుళ్ళు కలిగించే శిలీంధ్రాలు, బ్యాక్టీరియా, నులిపురుగులలో అధిక భాగం నశిస్తాయి.

అయితే ఆ వేడి ఊరికే రాదు. కుప్ప కనీసం మూడడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు, మూడడుగుల ఎత్తు ఉండాలి. అంతకన్నా చిన్నదైతే పుట్టిన వేడి పుట్టినట్లే పోతుంది. ఒక తట్ట పచ్చి ఆకులకు రెండు మూడు తట్టల ఎండు ఆకులో, గడ్డో, వరిపొట్టో కలపాలి. తేమ ఎంత ఉండాలంటే, గుప్పెడు తీసి గట్టిగా పిండితే ఒకటి రెండు చుక్కలు రాలాలి, ధార కారకూడదు. కుప్ప పైభాగం, అంచులు ఎప్పుడూ చల్లగానే ఉంటాయి. అందుకే నాలుగైదు రోజులకొకసారి తిరగవేసి బయటిది లోపలికి, లోపలిది బయటికి మార్చాలి. కనీసం ఐదు సార్లు అలా చేయాలి. సర్ ఆల్బర్ట్ హోవార్డ్ ఇందోర్‌లో మన రైతుల అనుభవాన్ని గమనించి రూపొందించి, 1931లో తన గ్రంథం ద్వారా లోకానికి తెలిపిన 'ఇందోర్ పద్ధతి'లో కూడా ఈ తిరగవేయడానికి ప్రాధాన్యం ఉంది.

వేడి ఉందో లేదో తెలుసుకోవడానికి ఇనుప చువ్వను కుప్ప నడిమికి గుచ్చి పది నిమిషాల తరువాత తీసి పట్టుకుని చూడాలి. చేయి పెట్టలేనంత వేడిగా ఉంటే కుప్ప పనిచేస్తున్నట్లే. గోరువెచ్చగా ఉంటే అది ఆకులను కుళ్ళబెడుతుందే తప్ప తెగుళ్ళను చంపదు.

మన ఇళ్ళలోని వాస్తవ పరిస్థితి ఏమిటంటే, మిద్దె మీది డ్రమ్ములు, కుండలు, చిన్న ప్లాస్టిక్ డబ్బాలలో ఈ స్థాయి వేడి పుట్టదు. రోజుకు గుప్పెడు చొప్పున తొక్కలు వేస్తూ పోయే గుంటలోనూ పుట్టదు. వానపాముల ఎరువు తొట్టిలో అసలే పుట్టకూడదు. అంత వేడిలో వానపాములు బతకలేవు. కాబట్టి ఈ మూడింటిలోనూ తెగులు మొక్కలను వేయకుండా ఉండటమే క్షేమం. ఆరోగ్యంగా ఉన్న ఆకులకు, వంటింటి తొక్కలకు అవి చక్కగా సరిపోతాయి.

తెగుళ్ళు మూడు రకాలు

చీడ వేరు, తెగులు వేరు. ఆకును కొరికే పురుగు చీడ. ఆకు లోపల నుంచి పాడుచేసేది తెగులు. తెగుళ్ళను మన అవసరం కోసం మూడు వర్గాలుగా విభజించుకుందాం.

మొదటి వర్గం, జీవమున్న మొక్కపైనే బతికేవి. దోస, సొర, బెండ ఆకులపై కనిపించే బూడిద తెగులు, తీగజాతి ఆకులపై వచ్చే బూజు తెగులు ప్రధానంగా పచ్చి కణజాలంపైనే ఆధారపడతాయి. బెండలో ఈనెలు పసుపెక్కే పల్లాకు తెగులును, టమాటాలో ఆకుముడత వైరస్‌ను వ్యాపింపజేసేది తెల్లదోమ. వంగలో ఆకులు చిన్నవై గుబురుగా మారే వెర్రి తెగులును మోసేది దీపపు పురుగు. ఇవి ఎరువు ద్వారా రావు. బతికి ఉన్న మొక్క నుంచి బతికి ఉన్న మొక్కకు పురుగు మోసుకుపోతేనే వస్తాయి. కనుక ఇలాంటి మొక్కను ఉదయం చల్లని వేళ, దోమ మందకొడిగా ఉన్నప్పుడు, పైన ఒక సంచి కప్పి పీకాలి. సంచి మూతి కట్టి ఎండలో నాలుగైదు రోజులు ఉంచితే లోపలి దోమ చచ్చిపోతుంది, మొక్క ఎండిపోతుంది. ఆ తరువాత దానిని ఎరువు కుప్పలో నడిమి భాగాన నిస్సంకోచంగా వేయవచ్చు. దీనిని పారవేయడమే వృధా.

రెండవ వర్గం, చచ్చిన ఆకులోనూ కొంతకాలం బతికేవి. టమాటా ఆకులపై వలయాలుగా వచ్చే ఆకుమాడు తెగులు, రకరకాల ఆకుమచ్చ తెగుళ్ళు, మిరపలో కాయకుళ్ళు, కొమ్మ ఎండు తెగులు ఇందులోకి వస్తాయి. ఇవి రాలిన ఆకుల్లో, పుల్లల్లో దాగి ఉండి తరువాతి పంటను ఆశిస్తాయి. పైన చెప్పినట్లు వేడెక్కే పెద్ద కుప్ప ఉన్నవారు వీటిని చిన్న ముక్కలుగా కోసి కుప్ప మధ్యలో వేయవచ్చు. చల్లని గుంట ఉన్నవారు వేయకూడదు. కాయకుళ్ళు వచ్చిన మిరప నుంచి విత్తనం తీసి దాచుకోవడం కూడా తగదు. ఆ తెగులు విత్తనంతోపాటే ప్రయాణిస్తుంది.

మూడవ వర్గం, నేలలో పాతుకుపోయేవి. ఎటువంటి కుప్ప ఉన్నా సరే, వీటిని ఇంటి ఎరువులో కలపకూడదు. ఫ్యుజేరియం శిలీంధ్రం వల్ల వచ్చే ఎండు తెగులు, బ్యాక్టీరియా వడలు తెగులు, కాండం మొదట్లో తెల్లని బూజు, ఆవగింజల్లాంటి గుండ్రని గింజలు కనిపించే మొదలుకుళ్ళు, వేరుబుడిపెలు కలిగించే నులిపురుగులు, అల్లం పసుపు దుంపకుళ్ళు, పొగాకు మొజాయిక్ వైరస్ ఈ వర్గానికి చెందినవి. వీటిలో కొన్ని మొక్క లేకపోయినా నేలలో ఏళ్ళ తరబడి బతుకుతాయి. పొగాకు మొజాయిక్ వైరస్ ఎండిన ఆకులో కూడా సంవత్సరాల పాటు నిలిచి ఉంటుంది. ఎరువు కుప్ప వేడికి సులభంగా లొంగదు. బీడీ, జర్దా ముట్టిన చేతుల ద్వారా కూడా ఇది టమాటా, మిరప మొక్కలకు చేరవచ్చు. పొగాకును వదలమని చెప్పడానికి పెద్దలకు ఇప్పటికే ఎన్నో కారణాలున్నాయి. తోట దానికి మరొక కారణాన్ని జోడిస్తుంది. కనీసం తోటలోకి వెళ్ళే ముందు చేతులను సబ్బుతో కడుక్కోవాలి.

గుర్తించడం ఎలా?

వాడిపోయిన ప్రతి మొక్కా మూడవ వర్గానిది కాదు. నీరు చాలకా వాడుతుంది, నీరు ఎక్కువైనా వాడుతుంది. ఇంట్లోనే చేసుకోగల రెండు పరీక్షలు ఉన్నాయి.

వాడిన టమాటా లేదా వంగ మొక్క మొదలు దగ్గర కాండాన్ని రెండు మూడు అంగుళాల ముక్కగా కోయాలి. గాజు గ్లాసులో తేటనీరు పోసి, కోసిన కొన నీటిలో మునిగేలా ఆ ముక్కను కదలకుండా వేలాడదీయాలి. కొద్ది నిమిషాల్లో కోసిన చోటు నుంచి పాలవంటి తెల్లని దారాలు నీటిలోకి దిగితే అది బ్యాక్టీరియా వడలు తెగులు. దారాలు దిగకుండా, కాండాన్ని నిలువుగా చీల్చినప్పుడు లోపల గోధుమరంగు చారలు కనిపిస్తే ఫ్యుజేరియం ఎండు తెగులును అనుమానించాలి. పరీక్ష అయ్యాక ఆ నీటిని మడిలో పారబోయకూడదు. మరిగించి మరుగుదొడ్డిలో పోయాలి. కత్తిని సబ్బునీటితో కడిగి, వేడినీటిలో ముంచి తీయాలి.

రెండవ పరీక్ష వేర్లది. మొక్కను పీకినప్పుడు వేర్లు ఉబ్బి ముడులు ముడులుగా ఉంటే నులిపురుగు ఉన్నట్లు. కానీ చిక్కుడు, బొబ్బర, వేరుశనగ వేర్లపై బుడిపెలు చూసి భయపడకూడదు. అవి నేలకు నత్రజనిని అందించే మేలు బుడిపెలు. గోటితో గీకితే మేలు బుడిపె వేరు నుంచి ఊడి వస్తుంది. నులిపురుగు ముడి వేరులోనే భాగంగా ఉంటుంది, ఊడదు.

ఇంకా సందేహం ఉంటే కృషి విజ్ఞాన కేంద్రం శాస్త్రవేత్తలకో, మండల ఉద్యాన అధికారికో మొక్కను చూపించాలి. మదీనా వాసులు ఖర్జూర చెట్లకు పరాగసంపర్కం చేసే విషయంలో, మీ ప్రాపంచిక వ్యవహారాలు మీకే బాగా తెలుసునని ప్రవక్త (స) వారి అనుభవానికి విలువనిచ్చిన ఉదంతం సహీహ్ ముస్లింలో ఉంది. తెలిసినవారిని అడగడంలో చిన్నతనం లేదు. తెలియని స్థితిలో మాత్రం, సందేహం కలిగించేదాన్ని వదిలి సందేహం లేనిదాన్ని అవలంబించాలనే ప్రవక్త (స) బోధన మనకు చాలు.

మూడవ వర్గాన్ని ఏం చేయాలి?

ముందుగా మొక్కను వేరుతోపాటు, చుట్టూ ఉన్న కొంత మట్టితో సహా తీసి నేరుగా సంచిలో వేయాలి. మడులన్నింటి మీదుగా ఈడ్చుకుపోకూడదు. సంచి మూతి గట్టిగా కట్టి మండుటెండలో నాలుగు నుంచి ఆరు వారాలు ఉంచితే లోపలిది ఉడికి ఎండిపోతుంది. మన ఏప్రిల్, మే నెలల ఎండలు ఈ పనికి అల్లాహ్ ఇచ్చిన పొయ్యి వంటివి. ఆ తరువాత కూడా దానిని కూరగాయల మడికి దూరంగా, ఆ చోటి నుంచి నీరు మడివైపు పారని విధంగా, రెండడుగుల లోతున పూడ్చాలి. స్థలం లేని పట్టణవాసులు పురపాలక సంఘం బండికి విడిగా అప్పగించాలి.

తగలబెట్టడం సులభమని చాలామంది అదే చేస్తారు. ఇరుకు బస్తీలో పచ్చి మొక్కల పొగ ఎవరి ఇంట్లోకి వెళుతుందో ఆలోచించాలి. పక్కింట్లో ఆస్తమాతో బాధపడే వృద్ధురాలు ఉండవచ్చు, పసిబిడ్డ ఉండవచ్చు. పొరుగువారి హక్కు ఎంతటిదో మనకు వేరుగా చెప్పనక్కరలేదు. చట్టం కూడా అదే చెబుతోంది. ఘన వ్యర్థాల నిర్వహణ నియమాల ప్రకారం చెత్తను వీధుల్లో, కాలువల్లో వేయడం, తగలబెట్టడం నిషిద్ధం. తోట వ్యర్థాలను ఆవరణలోనే విడిగా ఉంచి స్థానిక సంస్థ సూచించిన రీతిలో అప్పగించాలి. మన మడిని కాపాడుకోవడానికి తెగులు మొక్కను పొరుగువారి గోడ అవతలికో, వీధి కాలువలోకో విసరడం హానిని తొలగించడం కాదు, మరొకరి నెత్తిన మోపడం.

మొక్క పోయిన చోట కూడా జాగ్రత్త అవసరం. బ్యాక్టీరియా వడలు తెగులు వచ్చిన మడిలో టమాటా, వంగ, మిరప, బంగాళాదుంప మళ్ళీ వేయకూడదు. ఇవన్నీ ఒకే కుటుంబం. వాటికి బదులు మొక్కజొన్న, ఆకుకూరలు, ఉల్లి వేసుకుని కొన్ని సంవత్సరాలు ఆ చోటికి విశ్రాంతినివ్వాలి.

ఒక చేదు చరిత్ర

పారవేసిన కుప్పను చిన్నచూపు చూడకూడదనడానికి బంగాళాదుంప చరిత్ర సాక్ష్యం. 1845లో ఐర్లాండులో బంగాళాదుంప పంటకు మాడు తెగులు సోకింది. పేదల ఏకైక ఆహారం అదే. దానికి పాలకుల నిర్లక్ష్యం తోడై, తరువాతి కొన్నేళ్ళలో సుమారు 10 లక్షల మంది ఆకలితో, రోగాలతో మరణించారు. దాదాపు అంతే సంఖ్యలో దేశం విడిచిపోయారు. అప్పటి ఉస్మానియా సుల్తాన్ అబ్దుల్ మజీద్ వెయ్యి పౌండ్ల సహాయం పంపిన సంగతి చరిత్రలో నమోదై ఉంది. ఆ తెగులుపై తరువాత జరిగిన పరిశోధనలలో తేలిన ఒక విషయం మనకు పాఠం: పొలం గట్టున కుప్పగా పారవేసిన చెడిన దుంపలు చావవు. అవి మొలకెత్తి, లోపలి తెగులును మరుసటి పంటకు అందిస్తాయి. కళ్ళముందు లేనిది పోయినట్లు కాదు.

ఎరువును ఇతరులకు ఇచ్చేటప్పుడు

మన తోటల్లో మిగిలిన ఎరువును బంధువులకు ఇస్తాము. మస్జిద్ ఆవరణలోని మొక్కలకు వేస్తాము. కొందరు అక్కచెల్లెళ్ళు సంచుల్లో నింపి అమ్మి నాలుగు రూపాయలు హలాల్‌గా సంపాదించుకుంటున్నారు కూడా. ఇది శుభప్రదమైన పని. కానీ బాధ్యత ఇక్కడే రెట్టింపవుతుంది. మన మడి చెడితే నష్టం మనది. ఇతరుల మడి చెడితే అది వారి హక్కుకు సంబంధించిన విషయం.

ప్రవక్త (స) ఒకసారి బజారులో ధాన్యపు రాశిలో చేయి పెట్టగా లోపల తడి తగిలింది. వాన తడిపిందని వర్తకుడు చెప్పుకున్నాడు. తడిసిన దానిని జనానికి కనిపించేలా పైన ఎందుకు పెట్టలేదని నిలదీసి, మోసగించేవాడికి తమతో సంబంధం లేదని ప్రవక్త (స) తీవ్రంగా హెచ్చరించారు. ఎరువు రాశికి కూడా ఇదే తీర్పు. పైన నల్లగా, పొడిగా, మట్టి వాసనతో కనిపించే రాశి లోపల ఏం వేశామో మనకు, అల్లాహ్‌కు మాత్రమే తెలుసు. తెగులు మొక్కలు కలిపిన ఎరువైతే అడగకముందే చెప్పాలి. వాడిపోయే జబ్బు వచ్చిన తోట నుంచి నారు, మట్టి, ఎరువు ఎవరికీ ఇవ్వకపోవడమే ఉత్తమం. రోజువారీ కూలితో, అరెకరం కౌలు భూమితో కుటుంబాన్ని నెట్టుకొచ్చే వ్యక్తి నేలలో ఒక్కసారి వడలు తెగులు చేరితే, ఆ ఇంటి పొయ్యిపై దాని ప్రభావం ఏళ్ళ తరబడి ఉంటుంది. మనం ప్రేమతో ఇచ్చిన బస్తా అందుకు కారణం కాకూడదు.

సారాంశం

ఆరోగ్యవంతమైన ఆకు, వంటింటి తొక్క, పురుగు కొరికిన ఆకు, బూడిద తెగులు ఆకు, దోమ వల్ల వైరస్ సోకి ఎండబెట్టిన మొక్క - వీటిని నేలకు తిరిగి ఇవ్వండి. ఆకుమచ్చలు, కాయకుళ్ళు వచ్చిన వాటిని వేడెక్కే పెద్ద కుప్ప ఉంటేనే అందులో వేయండి. వేరు నుంచి, కాండం నుంచి చెడిన మొక్కను, మొజాయిక్ మచ్చలున్న టమాటాను ఇంటి ఎరువుకు దూరంగా ఉంచండి. ఏ వర్గానిదో తేలకపోతే మూడవ వర్గంగానే భావించండి. పోయేది ఒక మొక్క సారం మాత్రమే, నిలిచేది తోట అంతా.

నేల మన సొత్తు కాదు. మనకంటే ముందు ఎవరో దీనిని సాగుచేశారు, మన తరువాత మరెవరో సాగుచేస్తారు. మధ్యలో కొన్నాళ్ళు మన చేతిలో ఉన్న అమానతు ఇది. ఇచ్చినప్పుడు ఎలా ఉందో అంతకన్నా మేలైన స్థితిలో అప్పగించడం అమానతుదారుని ధర్మం. వృధా చేయని చేతిని, హాని చేయని చేతిని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.